కవచ్‌కు దారి చూపేది సిగ్నలే

రైలు ప్రమాదం జరిగిన మర్నాడు టీవీ చర్చల్లో మొదటి ప్రశ్న, 'ఆ మార్గంలో కవచ్ ఉందా?' అన్నదే. లేదని తేలితే చర్చ ముగిసినట్టే. కవచ్‌కు ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అని అడిగేవారే కరువు.

రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ తనంతట తాను దారి తేల్చదు. స్టేషన్‌లోని పరికరం, సిగ్నళ్లనూ పట్టాలు మార్చే పాయింట్లనూ ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ నుంచి వాటి స్థితిని తీసుకుని, ఎంతదూరం పోవచ్చో రేడియో ద్వారా ఇంజిన్‌కు చెబుతుంది. లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటబోయినా, వేగం మితిమీరినా బ్రేకు వేస్తుంది. ఏ పట్టా మీద ఉన్నదీ తెలియడానికి పట్టాల మధ్య బిగించిన ఆర్ఎఫ్ఐడీ ట్యాగులను ఇంజిన్ చదువుకుంటూ పోతుంది. పక్కపక్క లైన్ల ఎడం సుమారు ఐదు మీటర్లే. మామూలు జీపీఎస్ ఆ తేడాను నమ్మకంగా పట్టలేదు. కవచ్‌కు ముందు, ఢీకొనడాన్ని ఆపేందుకు కొంకణ్ రైల్వే రూపొందించిన పరికరానికి చిక్కు వచ్చిందీ ఇక్కడే. 2022 మార్చి 4న మన గుల్లగూడ-చిట్గిద్ద మధ్య, రైల్వే మంత్రి ఎక్కిన ఇంజిన్ ఎదుటి ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో ఆగింది. గొప్ప విజయమే. అయితే ఆ రోజు కవచ్‌కు అందిన సమాచారం సరైనది.

2023 జూన్ 2న ప్రమాదం జరిగిన ఒడిశాలోని బాహానగా బజార్‌లో పరిస్థితి వేరు. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్‌లో పచ్చ సిగ్నల్ పడింది, పాయింటు మాత్రం గూడ్సు నిలిచి ఉన్న లూప్ లైన్ వైపు ఉంది. అంతకుముందు సర్క్యూట్‌లో చేసిన మార్పు, 94వ నంబరు గేటు దగ్గర ఆ రోజు జరిగిన సిగ్నల్ పని కలిసి ఈ తప్పుకు దారితీశాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. అక్కడ కవచ్ ఉన్నా, అందేది అదే తప్పుడు పచ్చ. అదే ఏడాది అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లిలో ఒక ప్యాసింజరు ముందున్న ప్యాసింజరును వెనుకనుంచి ఢీకొట్టింది. అలాంటి చోట కవచ్ ప్రాణాలు కాపాడగలదు. ఈ రెండు ప్రమాదాలనూ ఒకే గాటన కట్టడం తగదు.

మరి కవచ్‌కు సమాచారమిచ్చే సిగ్నల్ సర్క్యూట్ సరిగ్గా ఉందో లేదో చూసేదెవరు? 1989 రైల్వే చట్టం 21, 22 సెక్షన్ల ప్రకారం కొత్త లైను తెరవాలంటే కమిషనర్ తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలి. రైల్వే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద ఉంది. రైళ్లు నడిపేవారే తమ పనికి తామే ధ్రువపత్రం ఇచ్చుకోకూడదన్నదే అందులోని ఉద్దేశం. 23వ సెక్షన్ ఈ నిబంధనను కొత్త స్టేషన్లకు, లెవెల్ క్రాసింగులకు, యార్డుల పునర్నిర్మాణానికి, నిర్మాణ స్వరూపాన్ని గణనీయంగా మార్చే పనులకు వర్తింపజేస్తుంది. బ్రిటిష్ కాలపు 1890 చట్టం నాటి ఆలోచన అది. అప్పటికి నిర్మాణమంటే వంతెన, కట్ట, పట్టా.

గేటు దగ్గర వైరు మార్పు ఆ సెక్షన్ కిందకు రాదని ఎవరైనా అనవచ్చు. చట్టాన్ని అలా చదవడం తప్పని నా అభిప్రాయం. రైలు ఏ పట్టా ఎక్కాలో తేల్చే సర్క్యూట్, ఆ పట్టాలంత నిర్మాణమే. ప్రతి మార్పుకూ కమిషనర్ రావాలంటే రైళ్లు ఆగిపోతాయన్న అభ్యంతరంలో కొంత నిజముంది. కానీ రోజువారీ మరమ్మతు వేరు, సర్క్యూట్‌నే మార్చడం వేరు. రెండోదానికి ఆ డివిజన్‌తో సంబంధంలేని ఇంజినీరు పాయింటు నుంచి సిగ్నల్ దాకా పరీక్షించి సంతకం పెట్టాకే రైలు కదలాలి.

కవచ్ 4.0 రూపకల్పనకు 2024 జులైలో ఆమోదం లభించింది. ఇకపై సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉంటుంది. చట్టమూ దానికి తగ్గట్టు మారాలి. 2025లో వచ్చిన రైల్వే చట్ట సవరణ, 1905 నాటి రైల్వే బోర్డు చట్టాన్ని 1989 చట్టంలో కలపడానికి తెచ్చినది. పార్లమెంటు మళ్లీ ఈ చట్టం తెరిచినప్పుడు 23వ సెక్షన్‌లో సిగ్నల్ సర్క్యూట్లనూ, రైలు నియంత్రణ సాఫ్ట్‌వేర్‌నూ పేరుపెట్టి చేర్చాలి. అంతవరకూ రైల్వే బోర్డు తానే ఆదేశమిచ్చి బయటి తనిఖీని తప్పనిసరి చేయవచ్చు. అందుకు చట్ట సవరణ దాకా ఆగనక్కర్లేదు.