వేపపై గొడ్డలి వేయుటకు ముందు

పెరటి చెట్టు మందునకు పనికిరాదని మన పెద్దలు హాస్యమాడిరి. ఇప్పుడు ఆ పెరటి చెట్టునకే మందు కావలసి వచ్చినది. మన హోసూరు ప్రాంతమున వానకాలము ముగియు నప్పటికి కొనలు మాడి, ఆకులు గోధుమరంగుకు తిరిగి వ్రేలాడు వేపచెట్లు పలుచోట్ల కనబడుచున్నవి. మన పాఠశాల ఆవరణములోని వేపయు నిప్పుడు ఆ స్థితిలోనే యున్నది. దానిని కొట్టివేసి, త్వరగా పెరుగు చెట్టు నేదైన నాటుట మేలని తల్లిదండ్రులలో కొందరు సూచించుచున్నారు. ఎండుకొమ్మ పిల్లలపై పడునేమో యన్న వారి భయము సహజమైనది. ఎండిన కొమ్మలను వెంటనే తీయింపవలసినదే. కాని చెట్టును కొట్టవలదనియే మా అభిప్రాయము. కనీసము ఉగాది దాటువరకైన ఆగవలెను.

ఇందులకు కారణము చెప్పెదము. ఈ ఎండుతెగులు క్రొత్తది కాదు. దీనికి మూలమైన శిలీంధ్రమును ఫోమాప్సిస్ అజాడిరాక్టే అను పేరుతో మైసూరు పరిశోధకులు 1997లో వర్ణించిరి. 2021లో తెలంగాణమున వేపచెట్లు ఊళ్లకు ఊళ్లుగా మాడినప్పుడు జనులు వింత వ్యాధి యేదో వచ్చినదని కలవరపడిరి. జీడిమామిడి రైతులు టీ దోమ యని పిలుచు పురుగు మొదట లేతకొమ్మల రసమును పీల్చును. ఆ గాయముల గుండ శిలీంధ్రము చొరబడి, గాలిలోని తడి తోడుకాగా, కొననుండి క్రిందికి కొమ్మను ఎండించును. అందుచేతనే వానల కాలమున జబ్బు బయటపడును. అయితే మాను, వేళ్లు సామాన్యముగా చెడవు. మాఘ ఫాల్గుణములలో క్రొత్త చిగురు తొడిగి పెక్కు చెట్లు తేరుకొనుచున్నవి. అట్టి చెట్టును మార్గశిరములో చూచి చచ్చినదని తీర్మానించుట, జ్వరముతో పడుకొన్నవానిని చూచి పాడె కట్టించుట వంటిది.

(ఇచట ఒక చిత్రము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. వేపనూనెతో శిలీంధ్రములను అరికట్టు పద్ధతికి 1994లో ఐరోపాలో పేటెంటు పొందిరి. అది భారతీయు లెరిగిన విద్యయే యని మనవారు వాదింపగా 2000లో ఆ పేటెంటు రద్దయినది. 2005లో అప్పీలునందును అదియే తీర్పు. శిలీంధ్రములకు శత్రువని పేరుపొందిన చెట్టు నేడు శిలీంధ్రమునకే చిక్కినది!)

చెట్టు బ్రతికియున్నదా లేదా యని తెలిసికొనుటకు పండితులు రానక్కరలేదు. గోటితో బెరడును కొంచెము గీరి చూడుడు. లోపల పచ్చదనము, తడి ఉన్నచో ప్రాణమున్నది. ఎండిన కొమ్మను, పచ్చిభాగము జానెడు కలిసివచ్చునట్లు కోయించి, కోసిన చోట బోర్డో ముద్ద పూయవలెను. కోసిన కొమ్మలను కుప్పవేసి ఉంచక కాల్చివేయవలెను. జబ్బుపడిన చెట్టు క్రింది వేపగింజలను నారునకు ఏరవలదు. ఈ తెగులు గింజలతో గూడ పోవును.

ఇంకొక సంగతి. మన వేప మొదట సిమెంటు అరుగు కట్టి చాల కాలమైనది. శుభ్రముగా నుండునని కట్టినదే, కాని వేళ్లకు గాలి లేదు, నీరు లేదు. ఢిల్లీ నగరములో చెట్ల మొదళ్ల చుట్టు ఒక మీటరు మేర సిమెంటును తొలగింపవలసినదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2013లో ఆజ్ఞాపించినది. ఆ మీటరు మేర మన వేపకును ఇచ్చి చూతము. తెగులును అది మాన్పదు గాని తెగులుతో పోరాడు బలమును చెట్టున కిచ్చును.

చెట్టును తీయక తప్పని సమయములును లేకపోలేదు. మొదట పుట్టగొడుగు వలె గట్టి చిప్పలు పుట్టినచో వేళ్లు కుళ్లుచున్నవని గ్రహింపవలెను. ఇది గానోడెర్మా తెగులు. 1952లో తుపాను తరువాత తంజావూరు కొబ్బరితోటలను పట్టి, ఆ ఊరిపేరనే ప్రసిద్ధమైన జబ్బు ఇదియే. అట్టి చెట్టును కొట్టి మొద్దును విడిచినచో రోగమును భూమిలో దాచినట్లే. మొద్దును వేళ్లతో పెకలించి, క్రొత్త మొక్కను కొన్ని అడుగులు జరిపి వేరొక జాతిది నాటుట మంచిది.

ఏ జాతి? ఇచటనే మాకును త్వరపడువారికిని భేదము. త్వరగా పెరుగునని పలుచోట్ల నాటిన కోనోకార్పసును గుజరాతు 2023లోను, మన తమిళనాడు 2025లోను నిషేధించినవి. తురాయి పూచినప్పుడు కన్నులపండువే. కాని మడగాస్కరునుండి వచ్చిన ఆ చెట్టునకు కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైనే. గాలివానలో ఇంటికప్పు ప్రక్కన ఉండదగినది కాదు. రావి, మర్రి గుడిముందర ఉండవలెను గాని గోడప్రక్కన కాదు.

మాకు కానుగపై మక్కువ ఎక్కువ. ఎర్రనేలలో, నీరు తక్కువైనను పెరుగును. వేసవిలో అది ఇచ్చు చల్లని నీడ అనుభవించినవారికే తెలియును. చిక్కుడు కుటుంబపు చెట్టగుటచే నేలకును సారమిచ్చును. పాఠశాలల ఆవరణములకును, వెడల్పైన వీధులకును అది తగును. పొగడ మెల్లగా పెరుగును, నిజమే. తాత నాటిన పొగడ మనుమరాలి జడలోనికి పూలిచ్చును. ఎండిన పూవు సహితము వాసన విడువదు. నేరేడు మహావృక్షము, పండ్లు రాలి నేల నల్లబడునని గొణుగు తల్లులు దానిని మైదానమునకు పంపవలెను. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల నేటి ఇంటిస్థలములో ఇల్లు పోగా మిగులు జాగాలో కరివేప, నిమ్మ, దానిమ్మ, జామ, పారిజాతము హాయిగా ఇముడును. మునగ వేయుడు, కాని విద్యుత్తీగకు దూరముగా. గొంగళిపురుగులు పట్టు కాలమున ఓర్పు గూడ ఉండవలెను.

వీధియంతయు ఒకే జాతి నాటవలదని ప్రత్యేకముగా కోరుచున్నాము. ఒక్క తెగులు వీధినంతటిని బోడి చేయగలదు.

విద్యార్థులారా, మీకొక మాట. వేపను మన పొరుగువారు తమిళమున వేంబు అందురు, కన్నడమున బేవు అందురు. కానుగ పుంగై, హొంగె. నేరేడు నావల్, నేరళె. అంగడిలో, బస్సులో ఆ పేర్లు వినుచు మీరు వానిని చక్కగా నేర్చుచున్నారు, సంతోషము. కాని పొగడ యనగా ఏమని అడిగినచో తరగతిలో చేతులు లేచుట లేదు. పుస్తకములో చదివిన పేరు నిలువదు. ప్రతిదినము నీరుపోసిన చెట్టు పేరు నిలుచును. ఆంధ్రప్రదేశ్ 2018లో వేపను రాష్ట్రవృక్షముగా ఎన్నుకొన్నది. సరిహద్దున కీవల మనకు అట్టి ప్రకటన లేదు. ఉగాది పచ్చడిలోనికి పూత కోసుకొను చెట్టు మాత్రము ఉన్నది.

కావున సిమెంటును ఈ నెలలోనే త్రవ్వింపుడు, కొమ్మలను కోయింపుడు. ఉగాదినాటికి పూత లేకున్నను, చిగురైన కనబడినచో చెట్టు ఉండనిండు. కనబడనిచో గోటితో మరల గీరి చూచి, పచ్చదనము లేనప్పుడే గొడ్డలి తెప్పింపుడు. వైశాఖములోనే మూడడుగుల గుంట త్రవ్వి ఎండనిచ్చి, తొలివానకు పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి, దానిలో కానుగను నాటుదము. గింజలను ఇప్పటినుండియే సేకరింపవచ్చును.