పింగళకుణ్ణి ఎవరూ అడగరేం?

ఆఫీసు కథ రాయాలనుకున్న ప్రతి తెలుగు రచయితకీ ఒక దమనకుడు కావాలి. వాడు మేనేజర్‌తో కలిసి కాఫీకి వెళ్తాడు, చెవిలో ఏదో ఊదుతాడు. మన హీరో తలొంచుకుని కోడ్ రాసుకుంటూ ఉంటాడు. చివరికి రెండే దార్లు. నిజం తెలిసి మేనేజర్ పశ్చాత్తాపపడతాడు, లేదంటే హీరో రాజీనామా పడేసి ఊరెళ్లి సేంద్రియ వ్యవసాయం మొదలుపెడతాడు. (రెండో ముగింపు ఈమధ్య మరీ ఎక్కువైంది. ఎకరానికి ఎంత మిగులుతుందో ఈ రచయితలు ఒక్కసారి ఎవరైనా రైతుని అడిగితే బాగుణ్ణు.)

ఈ కథలతో నాకు పేచీ ఉంది. అవి అబద్ధాలని కాదు. చెవిలో ఊదేవాళ్లు ఉన్నారు, ఆ ఊదడం వల్ల పోయేవి పోతూనే ఉన్నాయి. నా పేచీ ఏమిటంటే, కథంతా ఊదినవాడి మీదే నడుస్తుంది. ఆ చెవి ఎవరిది, అది అంత తీరిగ్గా ఎందుకు తెరుచుకుని ఉంది అని ఎవరూ అడగరు.

మూడేళ్ల కింద ఈ కథ నాకు జరిగింది. కాబట్టి నా మాటల్లో కాస్త ఉక్రోషం వినపడితే అది నిజమే, దాచను.

మాది చెల్లింపుల లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్. సర్వర్లు క్లౌడ్‌కి మార్చిన వారం, అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 మధ్య జరిగిన లావాదేవీలన్నీ ముందురోజు తేదీతో పడ్డాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆ 5:30 అంకె చూడగానే సంగతి అర్థమైపోతుంది. పాత సర్వర్ల గడియారం మన టైముకి పెట్టి ఉండేది, కొత్తవి యూటీసీలో ఉన్నాయి. తేదీ లెక్కగట్టే ఒక లైను ఏళ్ల తరబడి ఆ పాత గడియారాన్ని నమ్ముకుని నడిచింది. గడియారం మారింది, లైను బోర్లా పడింది.

ఆ లైను ఎవరు రాశారు? గిట్‌లో 'బ్లేమ్' అని ఒక కమాండ్ ఉంది. ఫైల్లో ఒక్కో లైనునీ చివరిసారి ఎవరు ముట్టుకున్నారో చెబుతుంది. రాసినవాళ్లెవరో చెప్పదు, ముట్టుకున్నవాళ్లెవరో చెబుతుంది. (గిట్ కంటే ముందు వాడిన సబ్‌వెర్షన్‌లో ఇదే కమాండ్‌ని 'ప్రెయిజ్' అని కూడా పిలవొచ్చు. ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.) అంతకు ఆరు నెలల ముందు నేను ఆ ఫైలు మొత్తాన్నీ ఫార్మాటర్‌లో వేసి ట్యాబులు తీసేసి స్పేసులు పెట్టాను. అంతే చేశాను. కానీ బ్లేమ్‌లో పైనుంచి కిందదాకా నా పేరే. ఖాళీలని పట్టించుకోవద్దని ఒక్క ఆప్షన్ జోడిస్తే అసలు రాసినాయన పేరు వస్తుంది. ఆయన అప్పటికే ఉద్యోగం మానేసి రెండేళ్లయింది.

మా టీములో ఒకతను ఆ ఆప్షన్ జోడించలేదు. మేనేజర్‌కి స్క్రీన్ చూపించి, "ఆ ఫైలంతా తనదే. టెస్ట్ చేయకుండా పెట్టేస్తాడు, అలవాటే" అన్నాడట. మొదటి వాక్యం పొరపాటు, దాన్ని ఐదు నిమిషాల్లో సరిదిద్దొచ్చు. రెండోదాన్ని ఎలా సరిదిద్దాలి? 'అలవాటే' అన్న మాటకి ఆప్షన్లు ఉండవు. ఒథెల్లోలో చేతిరుమాలు నిజమైనదే, దాని చుట్టూ అల్లిన కథే అబద్ధం. నా విషయంలో స్క్రీన్ మీది నా పేరూ నిజమైనదే.

ఇంకో తమాషా ఉంది. మా దగ్గర ఏదైనా పగిలితే 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్' రాస్తారు. అంటే ఏం జరిగిందో రాస్తారు తప్ప పేర్లు రాయరు. మనుషుల్ని దండిస్తే వాళ్లు తప్పులు దాస్తారు, అందుకని వ్యవస్థని సరిచేయాలి అనేది దాని వెనకున్న ఆలోచన. ఎట్సీలో పనిచేసిన జాన్ ఆల్‌స్పా 2012లో దాని గురించి రాసింది చదివి ముచ్చటపడ్డవాణ్ణే నేను. ఇప్పటికీ అది మంచి ఆలోచనే అంటాను. కానీ మా ఆఫీసులో జరిగిందేమిటి? కాగితం మీద ఎవరి పేరూ లేదు, కారిడార్‌లో నా పేరుంది. కాగితం మీద ఉంటే కింద కామెంట్ పెట్టి కాదని చెప్పేవాణ్ణి. లేనిదాన్ని ఎక్కడని కొట్టెయ్యను?

నాలుగు నెలల తర్వాత అప్రైజల్‌లో తెలిసింది. "ఓనర్‌షిప్ ఇంకా పెరగాలి" అన్నాడు మేనేజర్. ఒక ఉదాహరణ చెప్పమన్నాను. "అదంతా ఇప్పుడెందుకు, అందరికీ తెలిసిందే కదా" అన్నాడు.

చాలాకాలం నేను కూడా నమ్మిన మాట ఒకటుంది: మన పని మనం చేసుకుపోతే పనే మన తరఫున మాట్లాడుతుంది. మాట్లాడదండీ. క్యాలిబ్రేషన్ మీటింగ్ అనే గదిలోకి పని రాదు. మేనేజర్లు వస్తారు. ముందు ఒక ఎక్సెల్ షీట్, ఒక్కో పేరుకి మూడో నాలుగో నిమిషాలు. ఎవరో ఒకళ్లు కిందికి దిగాలి, ఎందుకంటే పై గడులు అందరికీ సరిపోవు. అలాంటి గదిలో నువ్వు ఏడాదంతా రాసిన కోడ్ కంటే నీ గురించి ఎవరికైనా గుర్తుండిపోయిన ఒక్క ముక్క బరువెక్కువ. మైక్రోసాఫ్ట్ ఈ ర్యాంకుల పద్ధతిని 2013లోనే వదిలేసింది, ఒకళ్లనొకళ్లు కిందికి లాక్కోవడమే పనైపోతోందన్న విమర్శలు గట్టిగా వచ్చాక. మనవాళ్లలో చాలామంది పేరు మార్చి అదే నడుపుతున్నారు.

ఇంట్లో చెబితే మా అమ్మ "నిజం నిలకడ మీద తేలుతుంది నాన్నా" అంది. ఎంత నిలకడ? మా అప్రైజల్ ఆరు నెలలకోసారి. అసలు ఈ సామెత ఎవరికి చెబుతారో గమనించండి, ఎప్పుడూ నింద పడ్డవాడికే చెబుతారు. నింద విన్నవాడి చేతిలో ఇంకో సామెత ఉంటుంది, నిప్పు లేనిదే పొగ రాదని. ఒకడికి ఓపిక పట్టమనీ, ఇంకొకడికి నమ్మెయ్యమనీ ఒకే భాష చెప్పింది. ఇద్దరూ విన్నారు.

ఇక్కడే మిత్రభేదం దగ్గరికి వస్తాను. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అచ్చయింది, అప్పట్నుంచి ఎన్ని తరాలు బడిలో చదివాయో. దమనకుడు దుర్మార్గుడు, చాడీలు నమ్మకూడదు: మనకి నేర్పిన పాఠం ఇంతే. ఈ గొడవయ్యాక మళ్లీ చదివాను. ఎద్దు రంకె విని మొదట హడలిపోయింది పింగళకుడు. సంజీవకుణ్ణి తెచ్చి సింహానికి పరిచయం చేసింది దమనకుడే. (నన్ను ఆ టీములోకి రిఫర్ చేసింది కూడా ఆ కొలీగే. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.) కరటక దమనకులు పాత మంత్రిగారి కొడుకులు, కొలువులో చోటు పోయినవాళ్లు. ఎద్దుతో స్నేహం కుదిరాక సింహం మిగతావాళ్లని పట్టించుకోవడం మానేసింది. అప్పుడు దమనకుడు ఇటు వచ్చి ఎద్దు ద్రోహం తలపెట్టిందంటాడు, అటు వెళ్లి సింహం నిన్ను చంపబోతోందంటాడు. ఇద్దరికీ గుర్తులు కూడా చెప్పిపెడతాడు: కొమ్ములు వంచి వస్తే అదీ, తోక పైకెత్తి చూస్తే ఇదీ అని. ఇద్దరూ ఆ గుర్తుల కోసమే చూస్తారు కాబట్టి అవే కనిపిస్తాయి.

అంత స్నేహంగా ఉన్న రెండు జంతువులు ఒక్కసారి కూడా "నా గురించి ఇలా విన్నావా?" అని అడగలేదు. సంజీవకుడు అడగలేదంటే అర్థం చేసుకుంటాను, ఎదురుగా ఉన్నది సింహం. పింగళకుడికేమైంది? అడివంతా అతనిదే కదా, అడిగితే పోయేదేముంది? అడగకపోవడమే అతని అధికారం. నన్నడిగితే మిత్రభేదంలో ప్రతినాయకుడు పింగళకుడే. కథ చదివి నూటడెబ్బై ఏళ్లుగా మనం నక్కని తిడుతున్నాం, సింహాలు హాయిగా మీటింగులు పెట్టుకుంటున్నాయి.

సరే, నేనేం చేశాను? ముందు తప్పుడు పనులే చేశాను. అతనితో మాటలు మానేశాను. అతని పుల్ రిక్వెస్టులకి అవసరం లేని కామెంట్లు పెట్టాను. చాట్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫోల్డర్లో దాచాను. అన్నీ రికార్డులో పెట్టుకో, హెచ్‌ఆర్‌కి వెళ్లు అని చెప్పేవాళ్లు ఒక సంగతి చెప్పరు: ఆ ఫోల్డర్ నింపుతున్న మూడు నెలలూ నేను మనిషిలా లేను. హెచ్‌ఆర్ ఆవిడ మర్యాదగా "మీరిద్దరూ ఒకసారి కాఫీకి వెళ్లి మాట్లాడుకోండి" అంది. చట్టం సంగతీ చూశాను. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, 2024 జులై ముందు ఐపీసీ 499. పైవాళ్లకి సద్భావంతో చేసిన ఫిర్యాదుకి అందులో మినహాయింపు ఉంది. ఆఫీసులో ఏ మాటైనా సద్భావమే, దాని పేరు ఫీడ్‌బ్యాక్.

చివరికి హెచ్‌ఆర్ చెప్పినట్టే, కాకపోతే కాఫీకి కాదు, గచ్చిబౌలిలో మా బిల్డింగ్ వెనకున్న చాయ్ బండి దగ్గర అతన్ని అడిగేశాను. "అలవాటే అన్నావంట?"

చాలాసేపు కప్పు తిప్పుతూ నిలబడ్డాడు. "ఆ రాత్రి ఆన్‌కాల్ నాది మామా. సర్వర్లు మార్చిన వాళ్లలో నేనూ ఉన్నా. ఎవరిది, ఎవరిది అని పది నిమిషాలకోసారి ఫోను. ఏదో ఒక పేరు చెప్పేదాకా వదల్లేదు."

అంటే మా సింహం అడిగిందన్నమాట. ఏమైంది అని అడిగి ఉంటే గడియారం బయటపడేది. ఎవరిది అని అడిగింది.

అతని మీద నాకు కోపం పోలేదు. 'అలవాటే' అన్న మాట ఫోన్ చేసినాయన అడిగింది కాదు, అతనే కలిపాడు. ఆ మాటే అన్నాను. అప్పుడతను, "నువ్వు మాత్రం? టెస్టింగ్ ఆవిడ స్లో అని మీటింగ్‌లో అన్లేదా?" అన్నాడు.

అన్నాను. ఒక రిలీజ్ ఆలస్యమైనప్పుడు, నన్నడిగితే, చెప్పడానికి ఇంకేమీ తోచక అన్నాను. తర్వాతి క్వార్టర్లో ఆవిడ మా ప్రాజెక్టులో లేదు. నా మాటకీ దానికీ సంబంధం ఉందో లేదో నేనెవర్నీ అడగలేదు. సంజీవకుడి వేషంలో అంతకాలం తిరిగినవాణ్ణి, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. కొలీగ్ పేరు ఎత్తలేదు. ఆ లైను ఎప్పటిది, నేను మార్చిందేమిటి, ఆప్షన్‌తో బ్లేమ్ చూస్తే ఏమొస్తుంది. అర పేజీ. ఓనర్‌షిప్ లేదన్నదానికి ఒక్క పనైనా ఉదాహరణగా చెప్పండి, లేదా ఆ వాక్యం తీసేయండి అని రాశాను. "నోటెడ్" అని జవాబొచ్చింది. రేటింగ్ మారలేదు, వాక్యం పోయింది. ఏడాది తర్వాత వేరే కంపెనీకి మారాను. వ్యవసాయం చేయట్లేదు.

ఇక్కడ నా కింద నలుగురున్నారు, అంటే ఎక్సెల్ షీట్ ముందు నేనూ కూర్చుంటున్నాను. గదిలో లేని మనిషి గురించి ఎవరైనా ఏదైనా అంటే "ఎప్పుడు? ఏ పనిలో?" అని అడుగుతాను. చిరాకు పడతారు. ఒకాయన నన్ను లాయర్‌గారూ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ రెండు ప్రశ్నలకి సగం మాటలు అక్కడికక్కడే రాలిపోతాయి, ఇది నేను చూసి చెబుతున్నాను. మిగతా సగం నిజమే అవుతాయి, వాటిని ఆ మనిషికే నేరుగా చెప్పొచ్చు.

పోయిన నెల టెస్టింగ్ ఆవిడకి మెసేజ్ పెట్టాను. మీ గురించి మీటింగ్‌లో ఇలా అన్నాను, చూసి అన్నది కాదు, క్షమించండి అని. రెండ్రోజులకి జవాబిచ్చింది. "ఏ రిలీజప్పుడు అన్నారండీ?"

నాకు గుర్తు లేదు.