పైథాన్‌లో రెండో మెట్టు ఎక్కడ?

తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్ (టాస్క్) సీఈఓ గారికి,

రైల్వే రిజర్వేషన్ కేంద్రాలను ఒకే నెట్‌వర్క్‌లోకి తెచ్చిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట అమలైంది సికింద్రాబాద్‌లోనే. పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా 2023లో కూడా జంటనగరాల్లోనే, కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో జరిగింది. సాఫ్ట్‌వేర్‌లో ఇంత చరిత్ర ఉన్నచోట పైథాన్ శిక్షణ మాత్రం అఆల దగ్గరే ఆగుతోంది. లూపులు, లిస్టులు, ఒక సర్టిఫికెట్!

అసలు చిక్కులు ఆ తర్వాతే. పది జీబీల లాగ్ ఫైలును ఒక్కసారిగా చదివిస్తే మామూలు ల్యాప్‌టాప్ మెమరీ నిండిపోతుంది. ఒక్కో లైను చొప్పున చదివిస్తే అదే ల్యాప్‌టాప్ చాలు. ఫంక్షన్‌కు డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు ఇస్తే అది పిలిచిన ప్రతిసారీ కొత్తగా పుట్టదు, నిర్వచించినప్పుడు ఒక్కసారే పుడుతుంది. పాత లెక్క కొత్త లెక్కలో కలిసిపోతుంది. ఎర్రర్ సందేశమూ రాదు! ఇలాంటివి చెడిన కోడ్‌ను నలుగురూ కూర్చుని విప్పితేనే ఒంటబడతాయి.

పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ఆగింది. పాత స్క్రిప్టులను మార్చే పనికీ ఈ నైపుణ్యమే కావాలి.

2014లో మొదలైన టాస్క్ దృష్టి ప్రధానంగా కాలేజీ విద్యార్థులపైనే. ఉద్యోగుల కోసం సికింద్రాబాద్‌లో సాయంత్రం పూట మధ్యస్థాయి తరగతులు పెట్టాలి. టెస్టింగ్, జనరేటర్లు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు నేర్పాలి. చివరి పరీక్షలో టిక్కులు పెట్టించడం మాని, పనిచేయని స్క్రిప్టు ఒకటి ఇచ్చి బాగుచేయమనాలి.