పతా మారితే ఖబర్ ఇవ్వాలి

2008 మార్చి 23న మన హవాయీ అడ్డా బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. టికెట్ మీద ఉండే హెచ్‌వైడీ కోడ్ మాత్రం మారలేదు. అదీ శంషాబాద్‌కు వచ్చేసింది, బేగంపేటకు బీపీఎమ్ అని వేరే కోడ్ మిగిలింది. జెద్దాలో టికెట్ కొనే ముసాఫిర్ కొత్త కోడ్ నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు.

మన వెబ్‌సైట్లకు ఈ తమీజ్ ఎప్పుడొస్తుంది? స్కాలర్‌షిప్‌కు రేపే ఆఖరీ తారీఖు అనగా, ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకు నొక్కితే '404, పేజీ దొరకలేదు' అంటుంది. పిల్ల తన ఫోన్‌ను తిట్టుకుంటుంది, అబ్బా నెట్ సెంటర్‌కు పరిగెత్తుతాడు. కుసూర్ వాళ్లది కాదు. 404 వచ్చిందంటే సర్వర్ దాకా చేరినట్టే. దర్వాజా తీసినవాడు 'ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు' అన్నాడంతే.

మస్జిద్ కమిటీలకు, మదర్సాలకు సైట్లు నడిపే నౌజవాన్లు ముందు సర్వర్ లాగ్ తెరవాలి. ఏ పతా అడిగితే లేదన్నదో అందులో రాసుంటుంది. హోమ్ పేజీ తెరుచుకుని లోపలి పేజీలన్నీ 404 ఇస్తుంటే, చాలాసార్లు పేజీలు పోయి ఉండవు, రీరైట్ రూల్స్ పనిచేయడం లేదన్నమాట. అపాచీ సర్వరైతే హెచ్‌టీయాక్సెస్ ఫైలు, దాన్ని చదవనిచ్చే అలవ్‌ఓవర్‌రైడ్ సెట్టింగు చూడండి. ఇంట్లో విండోస్‌లో నడిచిన పేజీ సర్వర్‌లో గాయబైతే, ఫైలు పేరులో ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు పోల్చండి. లైనక్స్‌కు ఆ రెండూ వేర్వేరు పేర్లు.

ఇవి మరమ్మతుతో పోయేవి. అసలు గల్తీ, పేరు మార్చి పాత పతాను బేఫికర్‌గా వదిలేయడం. 2024లో టీఎస్ టీజీ అయ్యాక మన రాష్ట్రంలో ఎన్నో సంస్థల పేర్లు మారాయి, టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. పేరు మార్చుకోవడం ఎవరికైనా హక్కే. పాత పతాకు వచ్చినవాళ్లను కొత్తదానికి చేర్చే 301 రీడైరెక్ట్ పెట్టడం జిమ్మేదారీ. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ మంచి వెబ్ చిరునామాలు మారకూడదని 1998లోనే రాశాడు.

పాత లింకుల బోఝ్ ఎన్నాళ్లు మోయాలని కొందరంటారు. నిజంగానే పేజీ తీసేస్తే 410 జవాబు ఇవ్వండి, 'ఉండేది, తీసేశాం' అని దానర్థం. అందరినీ హోమ్ పేజీకి తోసేయడం మాత్రం ఇలాజ్ కాదు. అక్కడ వాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

పదిమందికి పంచిన లింకు అమానత్. దాన్ని నమ్మి ఎవరో ఫారం నింపడానికి కూర్చుంటారు. ఈ జుమా తర్వాత మీ సైటు పాత లింకులు ఒక్కొక్కటీ నొక్కి చూడండి.