కైడర్యము కరివేపయేనా?

అమరకోశము వనౌషధివర్గమున కైడర్యమును కట్ఫలమునకు పర్యాయముగా పేర్కొన్నది. కట్ఫలము హిమాలయ ప్రాంతమున పెరుగు చెట్టు. దాని బెరడు ఔషధము. నేటి ఆయుర్వేద గ్రంథములు పెక్కు కైడర్యమనగా మన కరివేప యనుచున్నవి. ఇందు ముఖ్యముగా ఉపయోగపడునది ఆకు. రెండును ఒకటి కాజాలవు. కృష్ణనింబమను పేరును బట్టి కరివేపను వేపజాతిలో చేర్చుటయు సరికాదు. అది నిమ్మ కుటుంబమునకు చెందిన గుల్మము. 1771లో లిన్నేయస్ దీనికి దక్షిణభారతమున మొక్కలు సేకరించిన కోనిగ్ పేరు పెట్టెను. కావున వైద్యగ్రంథములను పరిష్కరించువారు పర్యాయపదములతో తృప్తిపడక, ప్రయోగసందర్భమును, ఔషధముగా చెప్పిన భాగమును, పెరటిలోని మొక్కను సరిపోల్చి అర్థనిర్ణయము చేయవలెనని నా అభిప్రాయము. లేనిచో శ్లోకార్థముతోపాటు చికిత్సయు దారి తప్పును.