ఫార్మాట్ చేసే ముందు మమ్మల్ని అడగండి

ల్యాబులో మూడో నంబరు కంప్యూటర్ పాడైన సంగతి మీకందరికీ తెలుసు. బాగైన సంగతీ తెలుసు. మధ్యలో ఏం జరిగిందో కొందరికే తెలుసు. దాని మీద నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పుంటే వచ్చే సంచికలో జవాబు రాయండి.

కరెంటు పోయి వచ్చాక అది తెరుచుకోలేదు. 'ఆటోమేటిక్ రిపేర్' అని వస్తుంది, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, మళ్లీ మొదటికే. మూడు రోజులు అదే వరస. బాగుచేసే ఆయన టౌను నుంచి వచ్చి రెండు నిమిషాలు చూసి, "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టేసి కొత్తగా వేస్తాను, అరగంట పని" అన్నారు. లోపల మా ఫైళ్లున్నాయండీ అన్నాం. పక్కనున్న పెద్దవారొకరు "పిల్లల ఫైళ్లే కదా, మళ్లీ కొట్టుకుంటారు" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఫైళ్లలో ఏముందో చెప్తాను. పోయిన వేసవి సెలవుల్లో మేం ఆరుగురం ఎవరి ఊళ్లో వాళ్లం ముసలమ్మల దగ్గర కూచుని సవర మాటలు అడిగాం. దుంపల పేర్లు, వానల పేర్లు, పోడులో మొలిచే కలుపు పేర్లు. బడి తెరిచాక తెలుగు అక్షరాల్లో టైపు చేశాం. మూడు వందల పైన అయ్యాయి. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మా మామ్మ వేలిముద్ర వేసేది. ఆమె చెప్పినవి ఇరవై ఎనిమిది మాటలు. కార్తీకంలో ఆమె చనిపోయింది. నా నోటుబుక్కు ఇంటి కప్పు కారి తడిసిపోయింది. మళ్లీ కొట్టుకోవాలంటే ఎవరిని అడగాలి?

గిడుగు రామమూర్తి గారు సవర మాటలు పోగుచేసి 1938లో నిఘంటువు అచ్చు వేయించారని మన తెలుగు సారు చెప్పారు కదా. అది కాగితం మీదికి ఎక్కింది కాబట్టి నిలిచింది. మాది ఒక పెట్టెలో ఉండిపోయింది. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాం. ఫైలును డెస్క్‌టాప్ మీద పెట్టాం. తెర మీద ఎదురుగా కనపడుతుంది కాబట్టి అది బయట ఉన్నట్టే అనుకున్నాను. కాదట. డెస్క్‌టాప్ మీదివన్నీ సి డ్రైవులో, యూజర్స్ అనే ఫోల్డరు లోపల ఉంటాయి. విండోస్ ఉండేదీ సి లోనే. సి ని ఫార్మాట్ చేస్తే రెండూ పోతాయి.

మన లెక్కల మేడం ఆయన్ని ఆగమన్నారు. ఆదివారం ఇంటికెళ్లి ఒక 8 జీబీ పెన్‌డ్రైవులో ఉబుంటు ఎక్కించి తెచ్చారు. (అలా ఎక్కిస్తే పెన్‌డ్రైవులో అంతకుముందున్నవి పోతాయి. మేడం వాళ్ల బాబు పాటలు పోయాయి. వాడు ఇంకా అలిగే ఉన్నాడట.) మూడో నంబరును ఆ పెన్‌డ్రైవుతో తెరిచారు. 'ఇన్‌స్టాల్' నొక్కలేదు, 'ట్రై' అనేదే నొక్కారు. ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్నది తుడిచిపెట్టుకుపోవచ్చు. విండోస్ లేవకుండానే లోపలి ఫోల్డర్లన్నీ కనబడ్డాయి! మా ఫైలు అక్కడే ఉంది. ఇంకో పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, వేరే కంప్యూటర్లో తెరిచి చూసుకున్నాకే మేడం బాగుచేయడం మొదలుపెట్టారు.

ముందు చెక్‌డిస్క్ నడిపారు. డిస్కులో చెదిరిన లెక్కలను అది సరిచేస్తుంది. విండోస్ లేచింది గానీ స్టార్ట్ మెనూ తెరుచుకోలేదు. అప్పుడు విండోస్ ఉన్న పెన్‌డ్రైవు పెట్టి, లేచిన విండోస్ లోపలి నుంచే సెటప్ నడిపి, 'ఫైళ్లు, యాప్‌లు ఉంచు' అనేదాన్ని ఎంచుకున్నారు. ఆ పెన్‌డ్రైవుతోనే కంప్యూటర్ ఆన్ చేస్తే ఈ వీలు ఉండదు. 'రీసెట్' అని ఇంకోటి ఉంది. అందులో ఫైళ్లు ఉంచమంటే ఉంచుతుంది గానీ మనం వేసుకున్న ప్రోగ్రాములన్నీ తీసేస్తుంది. సాయంత్రానికి అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

చెక్‌డిస్క్ ముందే చేసేస్తే త్వరగా అయిపోయేది కదా అని నేను అడిగాను. డిస్కే పాడైపోతూ ఉంటే దాని మీద ఎక్కువ పని పెట్టకూడదు, అందుకే కాపీ ముందు అన్నారు మేడం. మా ఊళ్లో ఇంటి కప్పు మార్చేటప్పుడు ముందు అటక మీది చోళ్లు, ఆనపకాయ బుర్రల్లోని విత్తనాలు దింపి పక్కింట్లో పెడతారు. తర్వాతే గడ్డి లాగుతారు. అదే పద్ధతి.

బాగుచేసే ఆయన్ని నేను తిట్టడం లేదు. ఆయన ఒక్కరోజులో ఎన్నో బళ్లకు తిరగాలి. మా వల్ల తొమ్మిది రోజులు ఆ కంప్యూటర్ లేకుండా పోయింది, ఎనిమిదో తరగతి వాళ్లు నలుగురేసి ఒకదాని ముందు కూచున్నారు. వాళ్లకు కోపం వచ్చింది, న్యాయమే. ఫార్మాట్ అసలు వద్దని కూడా నేను అనను. ఏ దారీ లేకపోతే చెయ్యాల్సిందే. నేననేది ఒక్కటే. ముందు "ఇందులో ఎవరివి ఏమున్నాయి?" అని అడగాలి. ఆఫీసు కంప్యూటర్ పాడైతే జీతాల ఫైళ్లున్నాయని అడగకుండా ముట్టుకుంటారా? మావి చిన్న ఫైళ్లే, నిజమే. ఎంచేతంటే మేం చిన్నవాళ్లం.

ప్రతి కంప్యూటర్ పక్కన ఒక అట్ట కట్టి, ఎవరి ఫైళ్లు ఎక్కడున్నాయో రాయించమని హెడ్‌మాస్టరు గారిని కోరుతున్నాను. శనివారం శనివారం కాపీ తీసే పని నేను చేస్తాను. ఆఫీసు బీరువాలో పెన్‌డ్రైవుకు కాస్త చోటు ఇస్తే చాలు.

మామ్మ చెప్పిన ఇరవై ఎనిమిది మాటలు ఈ వ్యాసం కింద వేరే కాగితం మీద చేత్తో రాసి అంటించాను. మీ ఇళ్లల్లో వేరేగా అంటే పక్కన పెన్సిలుతో రాయండి. అన్నం జిగురుతో అంటించాను, ఊడితే నాకు చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని