దస్తావేజులో దాగిన ఊరు

తుంగభద్ర ఆనకట్టలో నీళ్ళు నిలిచింది 1953లో. ఆ తరువాత కోస్తా జిల్లాల రైతులు అక్కడి కొద్దిపాటి మాగాణి అమ్ముకుని, సిరుగుప్ప, గంగావతి, సింధనూరు వైపు వచ్చి భూములు కొన్నారు. వారు గుడిసెలు వేసుకున్న చోట్లే నేటి మన క్యాంపులు. ఆ తరంవారు తగ్గిపోతున్నారు. మనుమలను సొంత ఊరేదని అడిగితే క్యాంపు పేరు చెబుతున్నారు.

వంశవృక్షం వ్రాయాలంటే ముందు బీరువాలోని పాత క్రయ దస్తావేజు తీయండి. బ్యాంకులో మేము హక్కు కోసం చదివే ఆ కాగితంలోనే కొన్నవారి తండ్రి పేరు, కాపురముండే ఊరు ఉంటాయి. మొన్న అప్పుకు వచ్చిన ఒక కుర్రవానికి ముత్తాత పేరు నేనే చదివి చెప్పాను. అతడు ఆ కాగితం ఎన్నడూ విప్పి చూడలేదట!

తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలవారు మరొకటి గమనించాలి. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. కనుక పాత కాగితంలో 'బళ్ళారి జిల్లా' అని ఉన్న ఊరు నేడు సరిహద్దుకు అవతల ఉండవచ్చు.

అయితే, మెడలో గొలుసు అమ్మి ఎద్దులు కొనిచ్చిన నాయనమ్మ పేరు దస్తావేజుల్లో సాధారణంగా కనబడదు. అది ఇంట్లో పెద్దలనడిగి వ్రాసుకోవలసిందే. ఈ సెలవుల్లో పిల్లల చేత ఆ పని చేయించండి.